మిరప మానేసినా ఆగని మంట: ఒక గ్యాస్ట్రైటిస్ (జీర్ణాశయం లోపలి పొర వాపు) కేసు పూర్తి వివరాలు

రోగి 52 ఏళ్ల మహిళ. గుంటూరు పక్క పల్లె. మిర్చి సీజన్‌లో కోల్డ్ స్టోరేజీల దగ్గర కాయల తొడిమలు తీసే పని, మిగతా రోజుల్లో పొలం కూలి. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాం. వైద్యానికి సంబంధించిన అంకెలు మాత్రం అలాగే ఉంచాం.

వచ్చిన బాధ ఆమె మాటల్లోనే: "తిన్న గంటకే పొట్టలో మిరపకాయ నూరి పూసినట్టు మండుద్ది సార్. పుల్లటి తేన్పులు. రెండు ముద్దలు తింటే చాలు, పొట్ట నిండిపోద్ది." ఇలా 7 నెలలు. ఈ మధ్య 2 నెలలుగా మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరగడం కూడా తోడయ్యాయి. 4 నెలల్లో బరువు 55 కిలోల నుంచి 51కి దిగింది.

అప్పటికే చేసుకున్న వైద్యం చిన్నదేమీ కాదు. ఆమ్లం తగ్గించే "గ్యాస్ బిళ్ళ" పాంటాప్రజోల్ 40 మి.గ్రా., వికారం తగ్గించే డొంపెరిడాన్ కలిసిన గొట్టం బిళ్ళ రోజుకొకటి, 5 నెలలుగా, అదీ అన్నం తిన్నాక. మధ్యమధ్య గులాబీ రంగు సుక్రాల్‌ఫేట్ సిరప్. మంట ఎక్కువైన రాత్రి నీళ్లలో తినేసోడా. పైగా పథ్యం: మిరపకాయ మానేసింది, చింతపండు మానేసింది, పప్పు వాతమని మానేసింది. మూడు పూటలా పెరుగన్నం, బ్రెడ్డు, పాలు. అయినా మంట తగ్గలేదు. ఆమెకు, ఇంట్లోవాళ్లకు అర్థం కానిది ఇదే. "కారం ముట్టి 4 నెలలైంది, ఇంకా ఎందుకు మండుద్ది?"

మొదట ఈసీజీ

నడివయసు దాటిన మనిషి పొట్ట పైభాగంలో మంట, ఆయాసం అంటే ముందు గుండె సంగతి తేల్చుకోవాలి. గుండె అడుగు గోడకు రక్తం అందనప్పుడు నొప్పి సరిగ్గా రొమ్ము ఎముక కింద, పొట్ట పైన తెలుస్తుంది. మన ఊళ్లలో "గ్యాస్ అనుకున్నాం" అనే మాట వెనక పోయిన ప్రాణాలు తక్కువేం కాదు. షుగర్ ఉన్నవాళ్లలోనూ, ఆడవాళ్లలోనూ గుండెనొప్పి ఛాతీ పట్టేసినట్టు కాకుండా ఇలా మంటగా, వికారంగా రావడం మామూలే. ఈమె ఈసీజీ మామూలుగా ఉంది. నడిస్తే మంట పెరగదు, తింటే పెరుగుతుంది. ఆయాసానికి కారణం కనురెప్ప కిందకి లాగగానే కనబడింది: లోపల తెల్లగా పాలిపోయి ఉంది.

రక్తపరీక్షలు: హిమోగ్లోబిన్ 8.4 గ్రాములు, ఎర్రకణాల సగటు పరిమాణం 68, ఫెరిటిన్ 8. అంటే ఇనుము నిల్వలు దాదాపు ఖాళీ. బి12 మామూలు హద్దుల్లోనే ఉంది. క్రియాటినిన్ 0.9, షుగర్ మామూలు. నెలసరి ఆగి 4 ఏళ్లయింది కాబట్టి రక్తం తగ్గడాన్ని నెలసరి మీదకు నెట్టడానికి వీల్లేదు. నెలసరి ఆగిన ఆడమనిషికి ఇనుము లోపం కనబడితే, అది ఎక్కడి నుంచి కారుతోందో, లేక ఎక్కడ ఒంటికి పట్టడం లేదో వెతకాల్సిందే.

సంచిలో దొరికిన కారణం

"నొప్పి బిళ్ళలు ఏమైనా వాడుతున్నావా అమ్మా?" అని అడిగితే "లేదు సార్" అంది. ఈ ప్రశ్నకు వచ్చే "లేదు"ను నమ్మి వదిలేయకూడదు. అబద్ధం చెప్పాలని కాదు. ఆమె లెక్కలో నొప్పి బిళ్ళ అంటే తలనొప్పికి వేసుకునేది. మోకాళ్లకు ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చేది "కీళ్ల మందు". అందుకని అడగాల్సిన తీరు వేరు: "మోకాళ్లు ఎలా ఉన్నాయి? పనిలో కూర్చుని లేచేటప్పుడు పట్టేస్తాయా? దానికేం వేసుకుంటావు? ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని రా."

మర్నాడు సంచి వచ్చింది. అందులో కాగితం పొట్లాలు. ఒక్కో పొట్లంలో 3 బిళ్ళలు: ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందు 100 మి.గ్రా., పారాసిటమాల్ 325 మి.గ్రా. కలిసినదొకటి, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 0.5 మి.గ్రా. ఒకటి, పసుపు విటమిన్ బిళ్ళ ఒకటి. వారానికి 4, 5 పొట్లాలు, 2 ఏళ్లుగా. సీజన్‌లో నొప్పి ఎక్కువైతే తొంటికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్. "ఇంజెక్షన్ అయితే పొట్టకు పడదు కదా" అని ఆమె నమ్మకం.

ఇది విడమరిచి చెప్పాల్సిన సంగతి. జీర్ణాశయం లోపల ఆమ్లం పీహెచ్ 1, 2 దాకా దిగుతుంది. ఆ ఆమ్లం తన గోడనే తినేయకుండా కాపాడేది పలచటి జిగురు పొర, ఆ పొరలోకి కణాలు వదిలే బైకార్బొనేట్, వాటి కింద నిరంతరం పారే రక్తం. ఈ మూడింటినీ నడిపేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. నొప్పి మందు మోకాలి వాపు తగ్గించేది ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపే. అదే ఆపడం జీర్ణాశయంలోనూ జరుగుతుంది, రక్తం ద్వారా. కాబట్టి నోటితో మింగినా, తొంటికి పొడిచినా, మలద్వారంలో పెట్టినా గోడకు కాపలా తగ్గుతుంది. బిళ్ళ పేగులో కరిగేలా పైపూత వేసినా అంతే. దానికి స్టెరాయిడ్ కలిపితే దెబ్బతిన్న చోటు మానడమూ మందగిస్తుంది. ఆ పొట్లం నొప్పిని అంత బాగా తీసేయడానికి కారణమూ ఆ చిన్న తెల్ల స్టెరాయిడ్ బిళ్ళే. 2 ఏళ్లు స్టెరాయిడ్ వాడినవాళ్లను ఒక్కసారిగా మాన్పించకూడదు, అడ్రినల్ గ్రంథి నిద్రపోయి ఉండొచ్చు. ఉదయం 8 గంటల కార్టిసాల్ (ఆ గ్రంథి వదిలే హార్మోన్) చూశాకే, అది మామూలుగా ఉండటంతో, పొట్లాలు పూర్తిగా ఆపించాం.

ఇక్కడితో కేసు ముగిసిందని అనిపిస్తుంది. నొప్పి మందు దొరికింది, ఆపేశాం, గ్యాస్ బిళ్ళ రాసి పంపేయొచ్చు. చాలా కేసుల్లో జరిగేది అదే. కానీ 8.4 హిమోగ్లోబిన్, 4 కిలోల బరువు తగ్గుదల ఉన్నప్పుడు లోపల చూడకుండా వదిలేయడానికి లేదు. బరువు తగ్గడానికి ఆ పథ్యమే కారణం కావచ్చు. కాకపోనూ వచ్చు. అది ఊహించి తేల్చే విషయం కాదు.

ఎండోస్కోపీలో కనబడింది

లోపల కనబడినవి: జీర్ణాశయం కింది భాగమైన ఆంట్రంలో ఎరుపు, 2 నుంచి 4 మి.మీ. ఎరోజన్లు 7, 8, కొన్నిటి మీద నల్లటి పాత రక్తపు చుక్కలు. పుండు లేదు. ఎరోజన్ అంటే లోపలి పొర పైపైన ఒరుసుకుపోవడం. పుండు అంటే ఆ పొర అడుగునున్న సన్నటి కండర పొరను కూడా దాటి గుంట పడటం. తేడా మాటల్లోనే కాదు, ముందు చేయాల్సిన పనిలోనూ ఉంది: జీర్ణాశయంలో పుండు ఉంటే అది మానిందో లేదో, కింద క్యాన్సర్ ఏమైనా దాగుందో మళ్లీ ఎండోస్కోపీ చేసి చూడాలి. ఎరోజన్లకు సాధారణంగా అక్కర్లేదు.

రెండో గమనిక అంతకంటే ముఖ్యమైనది. జీర్ణాశయం మధ్య భాగంలో, వంపు దగ్గర, ఆరోగ్యమైన పొర మీద సన్నటి ఎర్రటి చుక్కలు వరుసగా, సాలెపురుగు కాళ్లలా కనబడాలి. అవి రక్తం పోగుచేసే చిన్న సిరలు. ఈమెలో అవి కనబడలేదు, పొర ఉబ్బి మసకగా ఉంది. ఆంట్రంలో ఎరోజన్లు నొప్పి మందు పని కావచ్చు. కానీ మధ్య భాగంలో ఈ వరుస చెరిగిపోవడం నొప్పి మందు లక్షణం కాదు, జీర్ణాశయంలో బతికే హెలికోబాక్టర్ పైలోరీ (హెచ్. పైలోరీ) అనే సూక్ష్మజీవి గుర్తు.

బయాప్సీలు, అంటే పరీక్షకు పొర నుంచి చిన్న ముక్కలు, సిడ్నీ పద్ధతి అనే నిర్ణీత క్రమంలో 5 చోట్ల తీశాం. ఆంట్రంలో, జీర్ణాశయం బయటి ద్వారమైన పైలోరస్‌కు 2, 3 సెం.మీ. లోపు చిన్న వంపు వైపొకటి, పెద్ద వంపు వైపొకటి. జీర్ణాశయం వంగే చోటనున్న ఆంగ్యులస్ మడత దగ్గరొకటి. మధ్య భాగంలో చిన్న వంపు వైపొకటి, పెద్ద వంపు వైపొకటి. ఆంట్రం, ఆంగ్యులస్ ముక్కలు ఒక సీసాలో, మధ్య భాగం ముక్కలు వేరే సీసాలో. అన్నీ ఒకే సీసాలో వేస్తే జబ్బు ఎక్కడుందో చెప్పే సగం సమాచారం అక్కడే పోతుంది. ఎండోస్కోపీ రిపోర్టులో "ఆంట్రల్ గ్యాస్ట్రైటిస్" అని రాసి, బయాప్సీ తీయకుండా పంపేసిన కాగితాలు ఎన్నో ఫైళ్లలో కనబడతాయి. కంటికి ఎర్రగా కనబడినదల్లా గ్యాస్ట్రైటిస్ కాదు, మామూలుగా కనబడిన పొర కింద తీవ్రమైన శోథ (లోలోపలి వాపు) ఉండొచ్చు. గ్యాస్ట్రైటిస్ అనేది సూక్ష్మదర్శిని కింద చెప్పాల్సిన మాట.

ఇనుము లోపం కోసం చిన్నపేగు మొదట్లో ఉండే డుయోడినం రెండో భాగం నుంచి కూడా ముక్కలు తీశాం. అవి మామూలుగా వచ్చాయి. విడిగా చేసిన కొలనోస్కోపీలోనూ ఏమీ లేదు. మల పరీక్షలో కొంకిపురుగు గుడ్లు కనబడలేదు. చెప్పుల్లేకుండా పొలంలో దిగేవాళ్లలో ఇది చూడకుండా వదలకూడదు.

నెగటివ్ వచ్చిన పరీక్ష

హెచ్. పైలోరీ కోసం ఎండోస్కోపీ బల్ల దగ్గరే చేసే రాపిడ్ యూరియేజ్ టెస్ట్ నెగటివ్ వచ్చింది. ఈ కేసు మొత్తంలో తప్పు దోవ పట్టడానికి వీలున్న చోటు ఇదే.

ఆ పరీక్ష ఎలా పనిచేస్తుందో తెలిస్తే తప్పు ఎక్కడ దూరుతుందో తెలుస్తుంది. హెచ్. పైలోరీ ఆమ్లంలో బతకడానికి యూరియేజ్ అనే ఎంజైమ్‌ను పెద్ద మొత్తంలో తయారు చేస్తుంది. అది యూరియాను విరిచి అమ్మోనియా పుట్టిస్తుంది, ఆ అమ్మోనియా చుట్టూ ఉన్న ఆమ్లాన్ని చంపుతుంది. పరీక్ష కిట్‌లో యూరియా, రంగు మారే ద్రవ్యం ఉంటాయి. బయాప్సీ ముక్కలో సూక్ష్మజీవులు తగినన్ని ఉంటే పసుపు కాస్తా గులాబీ అవుతుంది. "తగినన్ని ఉంటే" అన్నదే కీలకం. ఆమె 5 నెలలుగా పాంటాప్రజోల్ మీద ఉంది, ఆ ఉదయం దాకా. ఆమ్లం తగ్గితే సూక్ష్మజీవులు ఆంట్రంలో పలచబడి, పైనున్న మధ్య భాగానికి జరుగుతాయి. ఆంట్రం నుంచి మాత్రమే ముక్క తీసి కిట్‌లో వేస్తే గులాబీ రంగు రాదు. రక్తం కారుతున్నా ఇంతే.

ఎండోస్కోపీకి 2 వారాల ముందే పాంటాప్రజోల్ ఆపి ఉంటే బాగుండేది. కానీ ఆ హిమోగ్లోబిన్‌తో 2 వారాలు ఆగడం మాకు సబబు అనిపించలేదు. అందుకే ఆ నెగటివ్‌ను నెగటివ్‌గా లెక్కించలేదు.

9వ రోజు పాథాలజీ రిపోర్టు వచ్చింది. ఆంట్రంలో రెండు రకాల దెబ్బ ఒకే ముక్కలో ఉంది. ఒకటి, పైపొర గుంటలు పొడవై మెలికలు తిరగడం, వాపు కణాలు అంతగా లేకపోవడం: ఇది నొప్పి మందు, పిత్తరసం వంటి రసాయనాల దెబ్బ. సరిగ్గా మాట్లాడితే దీన్ని గ్యాస్ట్రైటిస్ అనరు, గ్యాస్ట్రోపతి అంటారు, ఎందుకంటే శోథ తక్కువ. రెండోది, లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు అనే రక్షక కణాలు గుంపులుగా చేరడం, వాటి మధ్య గ్రంథుల గోడల్లోకి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు దూరడం. ఇదే యాక్టివ్ క్రానిక్ గ్యాస్ట్రైటిస్. మధ్య భాగం ముక్కల్లోనూ న్యూట్రోఫిల్స్ ఉన్నాయి. ఆంగ్యులస్ దగ్గర ఒక్కచోట పేగు పొరలా మారిన చిన్న మచ్చ, ఇంటెస్టినల్ మెటాప్లేసియా. గీంసా రంగు వేసినా సూక్ష్మజీవులు కనబడలేదు.

న్యూట్రోఫిల్స్ ఉండి, సూక్ష్మజీవి కనబడలేదంటే దొంగ లేడని కాదు, దాక్కున్నాడని. నొప్పి మందు దెబ్బ మధ్య భాగంలో న్యూట్రోఫిల్స్‌ను ఇలా పోగుచేయదు. పాంటాప్రజోల్ ఆపించి, 15 రోజుల తర్వాత మలంలో హెచ్. పైలోరీ యాంటిజెన్ పరీక్ష చేయిస్తే పాజిటివ్ వచ్చింది.

ఆ 15 రోజులు ఎలా నెట్టాలి అన్నది ఆచరణలో పెద్ద ప్రశ్న. గ్యాస్ బిళ్ళ నెలల తరబడి వేసుకున్నాక ఆపేస్తే మంట తిరగబడుతుంది. ఆమ్లం తగ్గిందని గ్యాస్ట్రిన్ హార్మోన్ ఇన్నాళ్లూ పెరిగి, ఆమ్లం తయారు చేసే కణాలను తరుముతూనే ఉంటుంది. మందు ఆగగానే అవి ఒక్కసారిగా పనిలోకి దిగుతాయి. రోగి "మందు ఆపితే జబ్బు తిరిగొచ్చింది" అనుకుంటుంది, నిజానికి చాలావరకు ఇది మందు మానడం వల్ల వచ్చిన మంట. అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కలిసిన యాంటాసిడ్ జెల్ 10 మి.లీ., భోజనం అయిన గంటకు, నిద్రకు ముందు, పరీక్షకు ముందు రోజు దాకా ఇవ్వొచ్చు. ఇది ముందే చెప్పాం: "మొదటి వారం మంట ఎక్కువే ఉంటదమ్మా, భయపడి పాత బిళ్ళ వేసుకోవద్దు, వేసుకుంటే పరీక్ష పనికిరాదు." ముందు చెప్పకపోతే 3వ రోజుకే మెడికల్ షాపుకు వెళ్తారు.

హెచ్. పైలోరీ యాంటీబాడీ రక్తపరీక్ష గురించి ఒక మాట. గ్యాస్ బిళ్ళ దాన్ని పాడుచేయదు, అది దాని మేలు. కానీ సూక్ష్మజీవి పోయిన తర్వాత నెలలు, ఏళ్లు కూడా అది పాజిటివ్‌గానే ఉండొచ్చు. కాబట్టి వైద్యం పనిచేసిందా అని చూడటానికి అది బొత్తిగా పనికిరాదు. "ఇంకా పాజిటివ్ ఉంది" అని ఆ కాగితం చూసి రెండోసారి, మూడోసారి యాంటీబయాటిక్స్ మింగినవాళ్లు ఉన్నారు.

14 రోజులు, 196 బిళ్ళలు

బారీ మార్షల్, రాబిన్ వారెన్ ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 1982లో ఈ సూక్ష్మజీవిని పెంచగలిగారు. 1984లో మార్షల్ దాన్ని తానే తాగి జీర్ణాశయ శోథ తెచ్చుకుని చూపించాడు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని మొదటి తరగతి క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇంత తెలిసినా, దీన్ని చంపడం తేలికైన పని కాదు. జిగురు పొర కింద దాక్కుంటుంది, అక్కడికి మందు సరిగా చేరదు. మన దేశంలో మెట్రోనిడజోల్‌కు, క్లారిత్రోమైసిన్‌కు ఇది లొంగకపోవడం ఎక్కువ, ఎందుకంటే విరేచనాలకు, దగ్గుకు ఆ కుటుంబాల మందులు విచ్చలవిడిగా వాడాం. 7 రోజుల పాత మూడు మందుల కిట్టు ఇంకా షాపుల్లో దొరుకుతుంది. ఇప్పుడు దాన్ని మొదటి వైద్యంగా ఎంచుకోవడానికి కారణం కనబడదు.

ఇచ్చింది బిస్మత్ నాలుగు మందుల పద్ధతి: ఎసోమెప్రజోల్ (ఇదీ గ్యాస్ బిళ్ళే) 40 మి.గ్రా. రోజుకు 2 సార్లు. కొల్లాయిడల్ బిస్మత్ సబ్‌సిట్రేట్ 120 మి.గ్రా. రోజుకు 4, టెట్రాసైక్లిన్ 500 మి.గ్రా. 4, మెట్రోనిడజోల్ 400 మి.గ్రా. 4. మొత్తం 14 రోజులకు 28, 56, 56, 56. కలిపి 196. మెట్రోనిడజోల్ పరీక్షలో లొంగకపోయినా, బిస్మత్ తోడుగా, మోతాదు నిండుగా, 14 రోజులు ఇస్తే ఈ పద్ధతి చాలామందిలో పనిచేస్తుంది. కష్టమల్లా టెట్రాసైక్లిన్ దొరకడం. చాలా షాపుల్లో "అది లేదు, డాక్సీసైక్లిన్ ఇస్తా, అదే రకం" అంటారు. అదే కుటుంబమే, కానీ ఈ పనిలో అంత బాగా పనిచేయదు. చీటీ మీద "మార్చవద్దు" అని రాసి, సరుకు తెప్పించిన తర్వాతే కోర్సు మొదలుపెట్టించాం. సగం మందులతో మొదలుపెట్టడం కంటే వారం ఆగడం మేలు.

ఈ మందులు మన ఇళ్లలో ఎక్కడ చెడతాయంటే, పెరుగు దగ్గర. టెట్రాసైక్లిన్ కాల్షియంతో, ఇనుముతో ముడిపడి ఒంటికి పట్టకుండా పోతుంది. మన భోజనం మజ్జిగతో ముగుస్తుంది, ఆ మజ్జిగతోనే బిళ్ళ మింగుతారు. ఈమె అయితే మూడు పూటలా పెరుగన్నం మీదే బతుకుతోంది. అందుకే గంటల లెక్క ఇలా రాసిచ్చాం: ఉదయం 7:30కి ఎసోమెప్రజోల్, బిస్మత్ 1, నీళ్లతో. 8కి ఇడ్లీ లేదా ఉప్మా తిని టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్. పాల టీ 10:30కి. మధ్యాహ్నం 12:30కి బిస్మత్, 1కి కూర అన్నం, పప్పు, రసం, పెరుగు లేకుండా, తర్వాత ఆ రెండు మందులు. పెరుగు, మజ్జిగ సాయంత్రం 4కి, ఒక్కపూటే. 6:30కి ఎసోమెప్రజోల్, బిస్మత్; 7కి అన్నం, మందులు. రాత్రి 10కి చివరి మోతాదు, పెద్ద గ్లాసు నీళ్లతో, మింగాక అరగంట పడుకోకుండా. టెట్రాసైక్లిన్ గొట్టం గొంతుకు, ఛాతీకి మధ్య అతుక్కుంటే అక్కడే పుండు పడుతుంది.

ఎసోమెప్రజోల్ తిండికి అరగంట ముందు ఎందుకన్నది కూడా చెప్పాం, కారణం తెలిస్తే జనం తప్పకుండా పాటిస్తారు. ఈ మందు ఆమ్లం పంపు పనిచేస్తున్నప్పుడే దానికి పట్టుకోగలదు. పంపులు లేచేది తిండి పడినప్పుడు. అన్నం తిన్నాక వేసుకుంటే, పంపులు లేచే సమయానికి మందు ఇంకా రక్తంలోకి చేరి ఉండదు. 5 నెలలు ఆమె వేసుకున్న తీరు అదే.

4వ రోజు రాత్రి కుటుంబం నుంచి ఫోన్. విరేచనం నల్లగా ఉంది, నోరంతా ఇత్తడి చెంబు నాకినట్టుంది, వికారం. నల్లటి విరేచనం అయితే వెంటనే రమ్మని అంతకుముందే చెప్పి ఉన్నాం, కాబట్టి భయం న్యాయమే. తేడా ఇలా అడిగి తేల్చాలి: బిస్మత్ నలుపు బొగ్గులా, గట్టిగా, మామూలు వాసనతో ఉంటుంది, నాలుక కూడా నల్లబడుతుంది. రక్తం వల్ల వచ్చే నలుపు తారులా జిగటగా, భరించలేని వాసనతో, కడిగినా అంటుకుని ఉంటుంది, తోడుగా తల తిరగడం, చెమట, గుండెదడ. ఈమెది మొదటిదే. వికారానికి ఓండాన్‌సెట్రాన్ 4 మి.గ్రా. అవసరమైన పూట. ఇత్తడి రుచి మెట్రోనిడజోల్‌ది, కోర్సు అవగానే పోతుంది. కోర్సుకు ముందే చెప్పాల్సిన మాటను ఆ రోజు చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు మందుల చీటీ మీదే "విరేచనం నల్లగా వస్తుంది" అని పెద్దక్షరాలతో రాస్తున్నాం.

7వ రోజు ఖాళీ స్ట్రిప్పులు తెమ్మన్నాం. 98 బిళ్ళలు అయిపోయి ఉండాలి, 95 అయ్యాయి. మిగిలిన 3 ఒక రాత్రి వికారంలో వదిలేసినవి. ఇది మంచి లెక్కే.

మిగతా సగం: మోకాళ్లు, రక్తం

మోకాలి నొప్పికి దారి చూపకుండా పొట్లాలు మానమంటే అది వైద్యం కాదు. సీజన్ మొదలవగానే ఆమె మళ్లీ అక్కడికే వెళ్తుంది, వెళ్లక ఏం చేస్తుంది. ఎక్స్‌రేలో మోకీళ్ల మధ్య సందు తగ్గింది, ఓ మోస్తరు అరుగుదల. పారాసిటమాల్ 650 మి.గ్రా. రోజుకు 3 దాటకుండా. డైక్లోఫెనాక్ జెల్ రోజుకు 3, 4 సార్లు మోకాలికే పూయడం: చర్మం ద్వారా రక్తంలోకి చేరేది చాలా తక్కువ. తొడ ముందు కండరం గట్టిపడేలా కాలు చాచి బిగించి 5 అంకెలు లెక్కపెట్టే వ్యాయామం, రోజుకు 3 విడతలు, విడతకు 10 సార్లు. వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసింది అడుగున్నర ఎత్తు ముక్కాలి పీట. తొడిమలు తీసే పని గంటల తరబడి గొంతుక్కూర్చుని చేస్తారు. కాయల రాశిని ఎత్తు మీదకు మార్చి తాను పీట మీద కూర్చుంటే మోకాలు అంత మడతపడదు. మేస్త్రీకి ఆమె కొడుకు చెప్పి ఒప్పించాడు.

ఇనుము బిళ్ళలను కోర్సు 14 రోజులూ ఇవ్వలేదు, టెట్రాసైక్లిన్‌ను పాడుచేస్తుంది కాబట్టి. ఆ తర్వాత ఇంకో 4 వారాలు ఎరోజన్ల కోసం ఎసోమెప్రజోల్ రోజుకొకటి. ఆమ్లం తక్కువున్నప్పుడు ఇనుము సరిగా పట్టదు, పొర శోథ ఉన్నప్పుడూ అంతే. అందుకని నరం ద్వారా ఫెర్రిక్ కార్బాక్సిమాల్టోజ్ 1,000 మి.గ్రా., వారం తర్వాత 500 మి.గ్రా. ఇచ్చాం. ఖర్చు ఎక్కువే. కానీ ఆయాసంతో కూలికి పోలేని మనిషికి 3 నెలలు ఆగమని చెప్పడం అంతకంటే ఖరీదు.

పథ్యం మొదటి రోజే ఎత్తేశాం. మిరపకాయలోని కాప్సైసిన్ నరాల కొసలను తాకి మంట తెలిసేలా చేస్తుంది. జీర్ణాశయం పొరను తొలిచి గ్యాస్ట్రైటిస్ తెచ్చేది అది కాదు. పొర పచ్చిగా ఉన్నప్పుడు కారం తగలడం బాధే, కొన్నాళ్లు తగ్గించుకుంటే చాలు. పప్పు, గుడ్డు, ఆకుకూర మానేసి పెరుగన్నం మీద బతకడం వల్ల ఇనుము, మాంసకృత్తులు ఇంకా తగ్గాయి. తినేసోడా పూర్తిగా మాన్పించాం: అది ఆమ్లంతో కలిసి గ్యాస్ పుట్టిస్తుంది, తేన్పు వచ్చిందని హాయి అనిపిస్తుంది, ఉప్పు మాత్రం ఒంట్లో చేరుతుంది.

పోయిందని ఎలా తేల్చాం

మంట తగ్గింది కాబట్టి సూక్ష్మజీవి పోయిందని లెక్క కాదు. చివరి యాంటీబయాటిక్ తర్వాత కనీసం 4 వారాలు, చివరి గ్యాస్ బిళ్ళ తర్వాత కనీసం 2 వారాలు ఆగి పరీక్ష చేయాలి. అంతకంటే ముందు చేస్తే చావని సూక్ష్మజీవులు తక్కువ సంఖ్యలో దాక్కుని, పరీక్ష తప్పుడు నెగటివ్ ఇస్తుంది. ఈమెకు కోర్సు ముగిసిన 6 వారాలకు, పరగడుపున, యూరియా శ్వాస పరీక్ష చేయించాం. సీ-13 గుర్తున్న యూరియా తాగించి, తాగకముందు, తాగిన 30 నిమిషాలకు ఊపిరి పడతారు. సూక్ష్మజీవి ఉంటే యూరియాను విరిచి, ఆ గుర్తున్న కార్బన్ ఊపిరిలో బయటపడుతుంది. నెగటివ్.

పాజిటివ్ వచ్చి ఉంటే అవే మందులు మళ్లీ ఇచ్చేవాళ్లం కాదు. వాడని యాంటీబయాటిక్‌తో వేరే కలయిక, వీలైతే ఏ మందుకు లొంగుతుందో బయాప్సీ మీద పరీక్ష చేయించి.

ఆంగ్యులస్ దగ్గరి మెటాప్లేసియా మచ్చ గురించి కొడుకు చాలా భయపడ్డాడు, ఇంటర్నెట్‌లో చదివి. అది క్యాన్సర్ కాదు. ఏళ్ల తరబడి శోథ ఉంటే పొర పలచబడటం, పేగు పొరలా మారడం, ఆపై కొద్దిమందిలో మాత్రమే క్యాన్సర్, ఇలా మెట్లు మెట్లుగా సాగే దారిలో అది ఒక మెట్టు. ఒకే చోట, కొద్దిగా, ఇంట్లో ఎవరికీ జీర్ణాశయ క్యాన్సర్ లేకుండా, సూక్ష్మజీవి పూర్తిగా పోయి ఉన్నప్పుడు యూరప్ మార్గదర్శకాల ప్రకారం ప్రతి ఏటా ఎండోస్కోపీ అక్కర్లేదు. అది మధ్య భాగానికీ పాకి ఉంటే, లేదా తల్లికో అన్నకో ఆ క్యాన్సర్ ఉంటే 3 ఏళ్లకొకసారి చూడాల్సి వచ్చేది. 5 చోట్ల ముక్కలు తీసి, మధ్య భాగానివి వేరే సీసాలో పెట్టడం వల్లే ఈ జవాబు కచ్చితంగా ఇవ్వగలిగాం.

6 నెలలకు: హిమోగ్లోబిన్ 12.3, ఫెరిటిన్ 64, బరువు 54 కిలోలు. గ్యాస్ బిళ్ళ లేదు. వారానికి ఒకటి రెండుసార్లు యాంటాసిడ్ జెల్, అదీ పెళ్లి భోజనాల తర్వాత. మోకాలికి జెల్, పీట కొనసాగుతున్నాయి. ఎర్ర కారం తింటోంది. ఫైలు మొదటి పేజీ మీద రెండు వాక్యాలు అతికించి ఉన్నాయి, ఊరి ఆర్‌ఎంపీతో సహా ఎవరు తెరిచినా కనబడేలా: "నోటి ద్వారా, ఇంజెక్షన్ ద్వారా నొప్పి మందులు, స్టెరాయిడ్లు ఇవ్వవద్దు, తప్పనిసరైతే ముందు మాతో మాట్లాడండి. హెచ్. పైలోరీకి టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, బిస్మత్ ఒకసారి వాడి, శ్వాస పరీక్షతో పోయిందని తేల్చారు."